మలుపులో బ్రేకు పడితే: ఇరుకు రోడ్ల మీద కార్నరింగ్ ఏబీఎస్ పనితనం

పొలాల మధ్య మెలికలు తిరుగుతూ పోయే ఇరుకు రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు కార్నరింగ్ ఏబీఎస్ ఉన్న బైకు కొనదగ్గదే. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు; కార్నరింగ్ ఏబీఎస్ ఆ పనిని బండి మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా చేస్తుంది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తాపీగా చూసుకోవచ్చు. వంగిన బండి కింద నుంచి చక్రం జారిపోకుండా అది కాపాడుతుంది. ఆగడానికి కావలసిన జాగాను మాత్రం తెచ్చిపెట్టదు. ఇరుకు రోడ్డు మీద కరువయ్యేది ఆ జాగాయే.

మామూలు అమ్మకానికి వచ్చిన మోటార్‌సైకిళ్లలో ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మొదట కనిపించింది 1988లో, బీఎండబ్ల్యూ కే100 మీద. ఆ తర్వాత పాతికేళ్ల పాటు బైకు ఏబీఎస్ అంటే నిటారుగా వెళ్లే బండికి పనికొచ్చేదే. బండి మలుపులో వంగి ఉందో లేదో దానికి తెలియదు. 2013లో బాష్ కంపెనీ మోటార్‌సైకిల్ స్టెబిలిటీ కంట్రోల్ అనే పేరుతో వంపును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని తెచ్చింది. మొదట దాన్ని కేటీఎం 1190 అడ్వెంచర్‌కు బిగించారు. ఇప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. బీఎండబ్ల్యూ దీన్ని ఏబీఎస్ ప్రో అంటుంది. పేరు ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: బండి ఎంత వంగిందో బ్రేకు యూనిట్‌కు తెలుస్తుందా లేదా?

అది తెలియడానికి బండి మధ్యలో, సాధారణంగా సీటు కింద, అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే సెన్సర్ పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఐఎంయూ అంటారు. బండి పక్కకు ఎంత వేగంగా వాలుతోంది, ముందుకు ఎంత వంగుతోంది, ఏ దిక్కుకు ఎంత తిరుగుతోంది అన్నవి అది సెకనుకు వంద సార్లకు పైగా కొలుస్తుంది. రెండు చక్రాల దగ్గర పళ్ల రింగులు, వాటి ఎదురుగా స్పీడ్ సెన్సర్లు ఉంటాయి. ఈ రెండు రకాల సమాచారాన్ని కలిపి, ఈ క్షణంలో ఈ వంపులో ముందు చక్రం ఎంత బ్రేకు తట్టుకోగలదో యూనిట్ లెక్కేస్తుంది. మీరు లివర్ ఎంత గట్టిగా నొక్కినా ఆ లెక్క దాటి బ్రేకు ప్రెషర్ పోనివ్వదు.

మామూలు ఏబీఎస్‌తో అసలు తేడా ఇక్కడే ఉంది. మామూలు ఏబీఎస్ చక్రం జారడం మొదలుపెట్టాక మేలుకుంటుంది. నిటారుగా ఉన్న బండికి అది చాలు. ఓ క్షణం జారినా మళ్లీ పట్టు దొరుకుతుంది. వంగి ఉన్న బండి ముందు చక్రం మాత్రం ఓ క్షణం జారినా పక్కకు కొట్టుకుపోతుంది. కార్నరింగ్ ఏబీఎస్ జారే దాకా ఆగదు. వంపు ఎక్కువగా ఉంటే మొదటి నొక్కులోనే ప్రెషర్ పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది.

దీనితో ఇంకో లాభం ఉంది. ఇరుకు రోడ్ల మీద అదే పెద్ద లాభమని మా అభిప్రాయం. బండి వంగినప్పుడు టైరు నేలను తాకే చోటు టైరు మధ్యలో ఉండదు, మలుపు లోపలి వైపుకు జరుగుతుంది. అప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే ఆ పక్కనుంచి వెనక్కి లాగినట్టవుతుంది, హ్యాండిల్ లోపలికి తిరుగుతుంది. హ్యాండిల్ లోపలికి తిరిగితే బండి నిటారుగా లేస్తుంది. లేచిన బండి మలుపు తిరగదు, సూటిగా బయటకు పోతుంది. వెడల్పాటి రోడ్డు మీద దీనివల్ల ఓ గజం పక్కకు జరుగుతారు. ఒకే బండి పట్టే రోడ్డు మీద ఆ గజం దూరంలో కాలువ గట్టు ఉంటుంది, లేదా ఎదురు బండి బంపర్ ఉంటుంది. మలుపులో కంగారుగా బ్రేకు కొట్టినవాళ్లు జారిపడకుండానే రోడ్డు దిగిపోవడానికి కారణం ఇదే. ప్రెషర్‌ను మెల్లగా ఎక్కనిచ్చే యూనిట్ ఉంటే ఈ లేపుడు తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు. బ్రేకు పట్టుకున్నంతసేపూ లోపలి చేత్తో హ్యాండిల్‌ను కాస్త ముందుకు నెట్టి బండిని వంపులో నిలబెట్టుకోవాల్సింది నడిపేవాళ్లే. టైరులో గాలి తక్కువైతే ఈ లేపుడు మరింత పెరుగుతుంది. ముందు టైరు కంపెనీ చెప్పినదానికంటే వెడల్పుగా మార్చుకున్న బండ్లలోనూ అంతే.

ఇక అది చేయలేనివి. దీనికి కొంచెం లెక్క కావాలి, కానీ ఒకసారి అర్థమైతే మళ్లీ మరవరు.

టైరుకు ఉన్న పట్టు ఒకటే. మలుపు తిరగడానికి కొంత వాడితే, మిగిలిందే బ్రేకుకు. ఇరవై మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తీసుకుందాం. పల్లె రోడ్ల మీద ఇది చాలా మామూలు మలుపు. గంటకు 30 కిలోమీటర్లతో తిరిగితే బండి దాదాపు 20 డిగ్రీలు వంగుతుంది. 40తో తిరిగితే 32 డిగ్రీలు. పది కిలోమీటర్ల తేడాకు పన్నెండు డిగ్రీలు. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకు పట్టు 1.0 (అంటే టైరు మీద పడే బరువుకు సమానం) అనుకుంటే, 30లో ఉన్నప్పుడు నూటికి 93 వంతులు బ్రేకు కోసం మిగిలి ఉంటుంది. 40లో నూటికి 78 వంతులు. అంటే పొడి రోడ్డు మీద వంగి ఉన్నా బ్రేకు బాగానే పడుతుంది. మలుపులో బ్రేకు ముట్టుకుంటే చాలు పడిపోతామన్న భయం నిజం కాదు. ఆ భయం వల్ల ఆగగలిగిన చోట కూడా ఆగకుండా వెళ్లి గుద్దుకునేవాళ్లున్నారు. పడేది బ్రేకు వేసినందుకు కాదు, ఒక్కసారిగా బిగించినందుకు. ఆ బిగింపును సాఫుచేసే పనిలో కార్నరింగ్ ఏబీఎస్ నిజంగా నిపుణురాలే.

అదే మలుపు వానలో చూడండి. తడి రోడ్డు పట్టు 0.6 అనుకుందాం. 30 కిలోమీటర్లలో ఉంటే ఆ తడి పట్టులో నూటికి 80 వంతులు బ్రేకుకు మిగులుతుంది. బాగానే ఉంది. 40లో? తిరగడానికే 0.63 కావాలి. ఉన్నది 0.6. అంటే బ్రేకు ముట్టుకోకపోయినా బండి జారుతుంది. ఏ కంప్యూటరూ, ఏ సెన్సరూ ఇక్కడ చేయగలిగింది లేదు, ఎందుకంటే పంచడానికి పట్టే లేదు. మలుపులోకి 30తో వచ్చారా 40తో వచ్చారా అన్నది మలుపుకు ముందే తేలిపోయింది. వానాకాలంలో ఈ పది కిలోమీటర్లే మొత్తం కథ.

మట్టి, ఇసుక పడిన చోట పట్టు 0.4కు దిగిందనుకుంటే 30లో కూడా సగానికి కాస్త తక్కువే మిగులుతుంది. ఇసుక రోడ్డంతా సమంగా పరుచుకోదు. బండ్ల చక్రాలు నడిచే రెండు చారలూ శుభ్రంగా ఉంటాయి. మధ్యలో ఓ గీతలా సన్న కంకర, నూనె మరకలు. మలుపు బయటి అంచున చక్రాలు విసిరేసిన ఇసుక కుప్ప. లోపలి అంచున, లారీల వెనక చక్రాలు కోసుకుపోయిన చోట, అంచు విరిగి మట్టి పైకి వచ్చి ఉంటుంది. కాబట్టి చక్రం నడవాల్సింది ఆ రెండు చారల్లో ఒకదాని మీద. ఒక చార నుంచి ఇంకో చారకు మారాలంటే బండి నిటారుగా ఉన్నప్పుడే మారాలి. వంగి ఉండగా మధ్య కంకర గీతను దాటితే ముందు చక్రం చిన్నగా పక్కకు తన్నుతుంది. అదే క్షణంలో బ్రేకు మీద చేయి ఉంటే కార్నరింగ్ ఏబీఎస్ ప్రెషర్ తగ్గించి కాపాడుతుంది. బ్రేకు లేకుండానే జారితే దానికి చేసేదేమీ లేదు. చాలామంది ఈ తేడా గమనించరు. ఇది బ్రేకును చూసుకునే యంత్రం, బండి మొత్తాన్ని పట్టుకునే యంత్రం కాదు.

లోతైన వదులు కంకర మీద ఏ ఏబీఎస్ అయినా ఆగే దూరాన్ని పెంచుతుంది. బిగుసుకున్న చక్రం ముందు కంకర కుప్పగా పేరుకుని అడ్డం పడుతుంది. తిరుగుతూనే ఉండే చక్రానికి ఆ లాభం ఉండదు. గతుకుల్లో ఇంకో ఇబ్బంది. చక్రం గాల్లోకి లేచిన క్షణంలో బ్రేకు దాన్ని ఆపేస్తుంది. యూనిట్ అది జారుడనుకుని ప్రెషర్ వదిలేస్తుంది. చక్రం నేల మీద పడ్డాక మళ్లీ పట్టేదాకా బ్రేకు లేనట్టే అనిపిస్తుంది. కొత్తవాళ్లు దీన్ని బ్రేకు ఫెయిల్ అనుకుని లివర్ వదిలి మళ్లీ నొక్కుతారు. అది తప్పు. లివర్ నొక్కే ఉంచాలి. గతుకులున్న చోటికి ముందే, సాఫుగా ఉన్న భాగంలోనే వేగం దించుకోవడం అన్నిటికంటే మేలు.

ఇప్పుడు ఆగే దూరం. పొడి రోడ్డు మీద మామూలు రైడర్ ప్రతి సెకనుకూ తన వేగంలో సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గించగలడనీ, ప్రమాదం చూశాక బ్రేకు పట్టడానికి ఒక సెకను పడుతుందనీ అనుకుందాం. గంటకు 40లో ఆ సెకనులోనే 11 మీటర్లు పోతాం, బ్రేకు పడ్డాక ఇంకో 9. మొత్తం 20 మీటర్లు. గంటకు 60 అయితే 17 మీటర్లు, ఆ పైన 20. మొత్తం 37. ఏబీఎస్ ఈ లెక్కలో రెండో అంకెను మాత్రమే కాపాడుతుంది. మొదటిది మన కంటిదీ వేలిదీ. అందుకే ఇరుకు రోడ్డు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఎప్పుడూ ముందు బ్రేకు లివర్ మీద ఆనించి ఉండాలి. పట్టుకోనక్కర్లేదు, ఆనిస్తే చాలు. చేయి యాక్సిలరేటర్ నుంచి లివర్‌కు ఎగబాకడానికి అర సెకను అదనంగా పడితే, 40లోనే ఇంకో ఐదున్నర మీటర్లు పోయాయి.

రెండు బండ్లు పక్కపక్కన పట్టే రోడ్డు అయితే కనిపించే దూరంలో ఆగగలిగితే సరిపోతుంది. ఒకే బండి పట్టే రోడ్డు మీద ఆ నియమం చంపేస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి కదా. కాబట్టి కనిపించే దూరంలో సగంలో ఆగగలగాలి. మలుపులో 40 మీటర్లు కనిపిస్తోందంటే మనకు 20 మీటర్లు. అంటే 40 కిలోమీటర్లు. అదీ ఇద్దరూ సరిగ్గా 40లోనే ఉండి, ఇద్దరూ వెంటనే చూసుకుంటే, ముందు చక్రాలు ముద్దుపెట్టుకునేంత దగ్గర్లో ఆగుతారు. 35కు దిగితే ఇద్దరికీ కలిపి 33 మీటర్లు సరిపోతుంది, ఏడు మీటర్లు మిగులుతాయి. ఎదుటివాళ్లు 60తో వస్తుంటే వాళ్లకే 37 కావాలి. అప్పుడు మన బ్రేకులు ఎంత గొప్పవైనా ఒక్కటే దారి. వాళ్లకు కనపడేలా, వినపడేలా ఉండి, తప్పుకునే జాగా ముందే చూసిపెట్టుకోవాలి. గుడ్డి మలుపుకు ముందు హారన్ కొట్టడం మొహమాటపడాల్సిన పని కాదు.

కనిపించే దూరాన్ని అంచనా వేయడానికి మీటర్లు లెక్కపెట్టనక్కర్లేదు. రోడ్డు రెండు అంచులూ దూరంగా ఒక చోట కలిసినట్టు కనిపిస్తాయి, అక్కడితో రోడ్డు మాయమవుతుంది. ఆ చుక్కనే చూస్తుండాలి. అది మన మీదికి వస్తోందంటే మలుపు బిగుస్తోంది, వేగం ఇంకా తగ్గాలి. ఒకే దూరంలో నిలిచి ఉంటే ఈ వేగం సరిపోతుంది. దూరంగా జరుగుతోందంటే మలుపు విప్పుకుంటోంది, మెల్లగా యాక్సిలరేటర్ తెరవొచ్చు. చెట్ల వరస, కరెంటు స్తంభాల వరస కొంత ఆచూకీ చెప్తాయి గానీ వాటిని నమ్ముకోకూడదు. స్తంభాలు సూటిగా పొలంలోకి పోయి, రోడ్డు మాత్రం పక్కకు తిరిగే చోట్లు ఎన్నో ఉంటాయి.

ఇరుకు రోడ్డు మీద మనుషులు ప్రమాదంలో పడేది చక్రం పట్టు వల్లే కాదు, తల ఉన్న చోటు వల్ల కూడా. ఎదురు బండ్లు వచ్చే పక్కకు తిరిగే మలుపులో చక్రాలు మధ్య గీతకు మన వైపునే ఉంటాయి, కానీ బండి వంగి ఉంటుంది. నేల నుంచి తల దాదాపు 1.4 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 30 డిగ్రీల వంపులో హెల్మెట్ చక్రాల కంటే 70 సెంటీమీటర్లు లోపలికి, అంటే ఎదుటి బండి వచ్చే దారిలోకి జరిగి ఉంటుంది. చక్రాలు గీత పక్కనే ఉంటే తల పూర్తిగా అవతలి పక్కన ఉన్నట్టే. కార్నరింగ్ ఏబీఎస్‌కు ఇది ఏ సెన్సర్‌లోనూ కనిపించదు. ఆ మలుపుల్లో చక్రం మధ్య గీతకు కనీసం మీటరు దూరంలో ఉండాలి. మన పక్కకే తిరిగే మలుపులో బయటి వైపు, అంటే రోడ్డు మధ్యకు జరిగి వెళ్తే ఎక్కువ దూరం కనిపిస్తుందని నేర్పుతారు. వెడల్పాటి రోడ్డు మీద అది సరైన పాఠమే. ఒక బండి పట్టే రోడ్డు మీద చూపు కోసం ఆ జాగా తీసుకోకూడదు. కనిపించేది తక్కువైనా సరే, మన అంచుకు దగ్గరగా ఉండి వేగం తగ్గించుకోవాలి. ఈ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు.

కొండ దిగుడు రోడ్ల గురించి కాస్త విడిగా చెప్పాలి. నూటికి పది వంతుల వాలు ఉన్న దిగుడులో బ్రేకు శక్తిలో దాదాపు సెకనుకు ఒక మీటరు వాలే మింగేస్తుంది. పైన ఆగే దూరం లెక్కలో అనుకున్న 7 కాస్తా 6 అవుతుంది. 40 నుంచి ఆగే దూరం తొమ్మిది మీటర్లు కాస్తా పది దాటుతుంది. అది పెద్ద తేడాగా కనిపించదు. అసలు ప్రమాదం వేడి. బ్రేకు పట్టుకునే దిగుతుంటే డిస్కును నొక్కి పట్టే కాలిపర్ వేడెక్కి లోపలి బ్రేకు ఆయిల్ ఉడుకుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1 అయితే 260, 180. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే లివర్ హ్యాండిల్‌కు ఆనుతుంది, బండి మాత్రం ఆగదు. ఏబీఎస్ ఎంత తెలివైనదైనా నొక్కడానికి దానికి ఆయిలే కావాలి. దిగుడులో గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగం పట్టి ఉంచాలి. బ్రేకును సూటి భాగంలో కాస్త గట్టిగా పట్టి, వదిలేసి, చల్లారనివ్వాలి. అలా పట్టుకుని అలాగే దిగడమే వేడికి మూలం. ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి, కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా.

ఆయిల్ మార్చేటప్పుడు ఒక సంగతి. ఏబీఎస్ యూనిట్ లోపల కవాటాలు, పంపు ఉంటాయి. కొన్ని బండ్లలో గాలి ఆ యూనిట్‌లోకి చేరితే మామూలు పద్ధతిలో బయటకు రాదు. డయాగ్నోస్టిక్ పరికరం పెట్టి కవాటాలను ఆడించాలి. బండి మీది బ్రేకు ఆయిల్ డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా చూడకుండా పైన పోస్తూ, కింద వదులుతూ మార్చే మెకానిక్‌కు ఈ బెడద రాదు. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ ఆయిల్ ఏబీఎస్ బండ్లకు పోయకూడదు. 5.1 వేరు, 5 వేరు. పేరు చూసి మోసపోతుంటారు.

పక్కపక్కన పెట్టి పోలిస్తే మూడు మెట్లున్నాయి. సింగిల్ చానల్ ఏబీఎస్ ముందు చక్రాన్నే చూస్తుంది. వెనక చక్రం బిగుసుకుంటుంది. దిగుడు మలుపులో కంగారుగా వెనక బ్రేకు తొక్కితే బండి తోక పక్కకు జారుతుంది. డ్యుయల్ చానల్ రెండు చక్రాలనూ చూస్తుంది, కానీ వంపు దానికి తెలియదు. ఇరుకు రోడ్లకు ఇది కనీస అవసరం, ఇంతకంటే తక్కువతో సరిపెట్టుకోవద్దు. కార్నరింగ్ ఏబీఎస్ మూడో మెట్టు. డ్యుయల్ చానల్ ఏబీఎస్ ఉన్నవాళ్లు మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే, బ్రేకు పని ముగించే అలవాటు చేసుకుంటే చాలా దూరం బాగానే వెళ్తారు. మూడో మెట్టు విలువ తెలిసేది ఆ అలవాటు తప్పిన రోజున. మలుపు అనుకున్నదానికంటే బిగుసుకున్నప్పుడు, పశువు అడ్డం వచ్చినప్పుడు.

దీనితోపాటు ఒకే పెట్టెలో వచ్చే అదనాల్లో ట్రాక్షన్ కంట్రోల్ గురించి ఒక మాట చాలు: తడి మలుపు నుంచి బయటపడేటప్పుడు వెనక చక్రం తిరిగిపోకుండా చూస్తుంది, మంచిదే. ఇరుకు ఎక్కుడు రోడ్లకు మాత్రం హిల్ హోల్డ్ నిజమైన వరం. ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఎక్కుడు మధ్యలో ఆగాల్సి వస్తుంది. ఒక కాలు ఏటవాలు అంచు మీద, ఇంకో కాలు వెనక బ్రేకు మీద పెట్టి బరువైన బండిని నిలబెట్టుకోవడం కష్టం. హిల్ హోల్డ్ బ్రేకును తనే పట్టి ఉంచి, క్లచ్ వదిలి కదలగానే వదిలేస్తుంది. రెండు కాళ్లూ నేల మీద పెట్టుకోవచ్చు.

లోపాల్లో మేము గట్టిగా ఎత్తిచూపేది మోడ్ల గందరగోళం. అడ్వెంచర్ రకం బండ్లు కొన్నిటిలో ఆఫ్‌రోడ్ మోడ్ పెడితే వెనక ఏబీఎస్ ఆగిపోతుంది. చాలావాటిలో మలుపు కోసం పనిచేసే భాగం కూడా ఆగిపోతుంది. మట్టి రోడ్డు మీద ఆ మోడ్ పెట్టి, తారు రోడ్డెక్కాక మార్చడం మరిచిపోతే, మీరు డబ్బు పెట్టి కొన్న రక్షణ లేకుండానే మలుపులు తిరుగుతుంటారు. మీటర్ మీద చిన్న అక్షరాల్లో ఏదో కనిపిస్తుంది, ఎండలో అది చదవలేరు. ఇంజన్ ఆపి మళ్లీ వేస్తే చాలా బండ్లు రోడ్ మోడ్‌కు తిరిగొస్తాయి, అన్నీ కాదు. మీ బండి ఏం చేస్తుందో మాన్యువల్‌లో చూసి గుర్తుపెట్టుకోవాలి. మట్టి నుంచి తారుకు ఎక్కిన ప్రతిసారీ మీటర్ వైపు ఒకసారి చూడాలి.

రెండో లోపం, నడక వేగంలో ఇది పనిచేయదు. దాదాపు అన్ని ఏబీఎస్‌లూ వేగం బాగా పడిపోయాక వదిలేస్తాయి. హెయిర్‌పిన్ మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా ఎక్కుతూ ముందు బ్రేకు ముట్టుకుంటే బండి లోపలికి పడుతుంది. అక్కడ ఏబీఎస్ సాయానికి రాదు. ఆ మలుపుల్లో వెనక బ్రేకు సన్నగా ఆనించి, క్లచ్ సగం పట్టి, యాక్సిలరేటర్ ఒకే స్థాయిలో ఉంచి తిరగాలి. తల మలుపు బయటపడే చోటు వైపు తిప్పి ఉంచాలి, ముందు చక్రం వైపు కాదు.

నిర్వహణలో వచ్చే తిప్పలు ఎక్కువగా చక్రాల దగ్గరే. సెన్సర్‌కూ పళ్ల రింగుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరు అటూ ఇటూ. అందులో బురద గట్టిపడినా, ఇనుప రజను అంటుకున్నా చక్రం వేగం తప్పుగా చదువుతుంది. పంక్చర్ వేసేటప్పుడు చక్రాన్ని డిస్కు వైపు నేల మీద పడుకోబెడితే రింగు ఒక పన్ను వంగుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఆగేటప్పుడు, ఏ కారణమూ లేకుండా, లివర్ కింద చిన్న చిన్న తట్లు తెలుస్తాయి. అది రింగు వంకర అని అర్థం. చక్రం బేరింగు అరిగి ఆడుతున్నా ఇదే లక్షణం. చక్రం విప్పినప్పుడు చెక్క దిమ్మలు వేసి, డిస్కు పైకి ఉండేలా పెట్టమని ముందే చెప్పాలి.

తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కొన్ని మీటర్లు కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అదీ లోపమే. సెకండ్ హ్యాండ్ బండ్లలో లైటునే తీసేసి అమ్మేవాళ్లుంటారు, తాళం తిప్పినప్పుడు చూసుకోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ముందుగా బ్యాటరీ వోల్టేజి, ఆ తర్వాత ముందు చక్రం సెన్సర్ వైరు చూడాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కదిలినప్పుడల్లా ఆ వైరు వంగుతుంటుంది, క్లిప్పు ఊడితే డిస్కుకో టైరుకో రాసుకుని తెగుతుంది. చెయిన్ కడగడానికి సెంటర్ స్టాండు వేసి ఇంజన్‌తో వెనక చక్రం తిప్పినా లైటు వెలుగుతుంది. ముందు చక్రం కదలకుండా వెనకది తిరగడం యూనిట్‌కు అర్థం కాదు. తాళం ఆపి, మళ్లీ వేసి కాస్త దూరం నడిపితే సాధారణంగా పోతుంది. దానికి మెకానిక్ దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. అసలు ఇంజన్‌తో చక్రం తిప్పుతూ చెయిన్ కడగడమే వేళ్లు తెగే పని.

టైరు కొలత మారిస్తే చక్రం చుట్టుకొలత మారుతుంది, రెండు చక్రాల వేగాల పోలిక తప్పుతుంది. కంపెనీ చెప్పిన కొలతే వేయాలి. గాలి చల్లటి టైరులో చూడాలి, నాలుగు కిలోమీటర్లు నడిపాక కాదు. సొంత గేజ్ ఒకటి కొనుక్కోవడం ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని.

కొన్న తర్వాత దీన్ని పరీక్షించుకోవాలి, కానీ మలుపులో కాదు. ఖాళీగా, సూటిగా, పొడిగా ఉన్న చోట 30 కిలోమీటర్లలో మొదట వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కండి. పెడల్ కింద తట్లు తెలుస్తాయి. కాలు తీయకుండా ఆగేదాకా అలాగే ఉంచండి. తర్వాత ముందు బ్రేకు. మొదటి నొక్కులో ఫోర్క్ దిగనిచ్చి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక ఇంకా బిగించాలి. ఒక్క ఉదుటున బిగించకూడదు. పది సార్లు చేస్తే చేతికి ఒక అలవాటు వస్తుంది. తట్లు తెలిసినా లివర్ వదలకుండా ఉండటమే ఇక్కడ నేర్చుకునేది. వంపులో పరీక్ష మాత్రం శిక్షకులు ఉన్న మూసిన ట్రాక్ మీద తప్ప చేయొద్దు.

డబ్బు పరిమితంగా ఉండి ఏది ముందని అడిగితే మా వరస ఇది. అరిగిన టైర్లతో కార్నరింగ్ ఏబీఎస్ ఉన్న బండి కంటే, మంచి టైర్లతో డ్యుయల్ చానల్ ఏబీఎస్ ఉన్న బండి తడి మలుపులో మేలు. ఎందుకంటే పంచేవాడి తెలివి కంటే పంచడానికి ఉన్న సొత్తు ముఖ్యం. టైర్ల తర్వాత ఒక మంచి శిక్షణ తరగతి, ఆ తర్వాత కార్నరింగ్ ఏబీఎస్. బరువైన బండి, వెనక ఒక మనిషి, వానాకాలంలోనూ ఆగని ప్రయాణాలు ఉన్నవాళ్లకు మాత్రం మూడింటినీ ఒకేసారి తీసుకోమనే చెప్తాం. ఇప్పటికే ఉన్న బండికి దీన్ని విడిగా తగిలించుకోవచ్చా అంటే, ఒకటీ అరా మోడళ్లను వదిలేస్తే కుదరదు. యూనిట్, సెన్సర్లు, లెక్కలు అన్నీ ఆ బండి బరువుకూ చక్రాల దూరానికీ సరిపెట్టి తయారుచేస్తారు. బయట తగిలిస్తామని ఎవరైనా అంటే, ఆ బండి కంపెనీ దానికి ఒప్పుకుందో లేదో రాతపూర్వకంగా చూపించమని అడగండి.